దాలిమావ పందిరి మీద మూడు కాయలు

అనగనగా అని నేనంటాను, నువ్వు ఊఁ కొట్టాలి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే కూలబడిపోతుంది. ఏదీ, కొట్టు. ఆఁ, అలాగ.

నాగావళి ఏటికి ఇవతలి గట్టున కాకరవలస అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో అసిరి అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. అసిరికి ఒక మేనమామ. ఆయన పేరు దాలినాయుడు. అసిరి దాలిమావ అని పిలిచేది. దాన్ని చూసి పక్కింటి పిల్లలు పిలిచారు. ఆ తర్వాత వాళ్ళ అమ్మలూ నాన్నలూ పిలిచారు. అలా ఆయన ఊరందరికీ దాలిమావ అయిపోయాడు.

దాలిమావకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. అక్క సూరమ్మ ఇంట్లోనే, పెరటివైపు వసారాలో మంచం వేసుకుని ఉండేవాడు. ఆయనకి రెండే రెండు పిచ్చులు. ఒకటి పాట, రెండోది పాదు. పొద్దున్నే కడవ భుజాన పెట్టుకున్నాడంటే పాట మొదలు. బీరపాదుకి ఒక పాట, కాకరపాదుకి ఒక పాట, బంతిమొక్కలకి ఇంకో పాట. అన్నీ ఆయన కట్టినవే.

"తీగా తీగా రావమ్మా, తీరుబాటుగ రావమ్మా, ఆకుచాటు పిందమ్మా, ఆగి ఆగి ఎదగమ్మా" అని పాడుతూ దోసిలితో నీళ్ళు పోసేవాడు. చెంబుతో పోస్తే మొదలు దగ్గర మట్టి కోసుకుపోతుందట.

అన్నింటిలోనూ ఆయనకి ముద్దొచ్చే పాదు చేదానప. చేదానప తెలుసా నీకు? మనం కూర వండుకునే ఆనపకాయ లాగే ఉంటుంది గానీ, ఒక్క ముక్క నాలిక మీద పెట్టుకున్నావో, సాయంత్రం దాకా నోరంతా చేదే. ఆవు కూడా మూతి తిప్పేసుకుంటుంది. మరెందుకు పెంచేవాడూ అంటావు. తంబురల కోసం.

ఆ కాయ పందిరి మీదే ముదరాలి, పండాలి, ఎండాలి. లోపల గింజలు గలగలమన్నాక కోస్తే కర్రలాంటి బుర్ర అవుతుంది. అప్పుడు దానికి మూతి కోసి, మేకతోలు బిగించి, వెదురు కర్ర దూర్చి, ఒక్క తీగ కడితే తంబుర. చుట్టుపక్కల ఊళ్ళల్లో తత్త్వాలు పాడుకుంటూ తిరిగేవాళ్ళ భుజాల మీద చాలావరకు దాలిమావ పెరటి కాయే ఉండేది. తంబుర చేతికిచ్చి, ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, ఒక్క పాట పాడించుకుని మరీ పంపేవాడు.

అసిరి ఎప్పుడూ ఆయన వెనకాలే. కొత్త పింద కనపడితే "మావా, అదిగో!" అని వేలు చాపేది.

"వేలు పెట్టి చూపించకే తల్లీ, పింద రాలిపోతాది. మడిచి చూపించు" అనేవాడు మావ. అప్పుడు అసిరి వేలు మడిచి, పిడికిలితో చూపించేది. ఇద్దరూ పందిరి కింద నిలబడి ఆ పిందని అలా చూస్తూ ఉండేవారు.

ఆ ఏడాది పందిరి మీద చేదానపలు మూడు నిలిచాయి. పెద్దది ఒకటి, నడిమిది ఒకటి, పందిరి మూలకి గుండ్రంగా ఒకటి. వినాయక చవితి వెళ్ళింది. ఆ తర్వాత దాలిమావకి జ్వరం వచ్చింది. మొదటి రోజు కషాయం తాగి నీళ్ళు మోశాడు. రెండో రోజు మంచం మీంచే పాడాడు. మూడో రోజు పొద్దున్న పాట లేదు. దాలిమావ పోయాడు.

ఊరంతా వచ్చింది. ఊరంతా ఏడ్చింది. ఆ తర్వాత ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

అప్పుడు ఆ ఇంట్లో ఒక చిత్రం జరిగింది. అందరూ దాలిమావ పేరెత్తడం మానేశారు. అమ్మ సూరమ్మ తమ్ముడి పంచెలు మడతపెట్టి పెట్టెలో అడుగున పెట్టేసింది. నాన్న పేరు గురువులు; ఆయన పెరటివైపు వెళ్ళడం మానేసి, వీధివైపే కాళ్ళు కడుక్కునేవాడు. అసిరి "అమ్మా, మావ..." అని మొదలుపెడితే, అమ్మ లేచి పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయేది. మంట బాగానే ఉన్నా ఊదేది.

ఇంక అసిరి కాళ్ళకి నిలకడ లేకుండా పోయింది. కూర్చుంటే నిలబడాలనిపించేది. నిలబడితే నడవాలనిపించేది. రెండు ముద్దలు తిని పళ్ళెం వదిలేసి పందిరి దగ్గరకి పరిగెత్తేది. పందిరి దగ్గరకి వెళ్ళాక ఎందుకొచ్చిందో తెలిసేది కాదు. మళ్ళీ వీధిలోకి పరిగెత్తేది. బళ్ళో పంతులుగారు "నీ కింద చీమలున్నాయటే?" అని మూడుసార్లు చోటు మార్చారు. మూడు చోట్లా అంతే. చాప మీద పడుకుంటే ఈ గోడ నుంచి ఆ గోడకి దొర్లేది. ఏడుపు మాత్రం వచ్చేది కాదు. గొంతులో ఏదో అడ్డంగా నిలబడి, అటూ పోదు, ఇటూ రాదు.

పాదులకి నీళ్ళు మాత్రం అదే పోసేది, దోసిలితో.

దసరా వెళ్ళింది. ఒకరోజు అమ్మా నాన్నా పొలంలో ఉన్నారు. అసిరి ఒక్కతే పెరట్లో ఉంది. అప్పుడు పెరటి తడిక అవతల నుంచి ఒక గొంతు వినపడింది.

"దాలీ! ఒరే దాలీ! నా బుర్ర పగిలిపోనాదిరా!"

ఎవరా అని చూస్తే తవిటమ్మ. తవిటమ్మ అంటే ఏటికి అవతలి ఊరి ముసలమ్మ. తెల్లటి జుట్టు, గెడకర్రలా పొడుగ్గా ఉండేది. తంబుర మీటుకుంటూ ఊరూరా తత్త్వాలు పాడేది. దాలిమావకి చిన్నప్పుడు తాళం వెయ్యడం నేర్పింది ఆవిడే. వానలు పడ్డప్పటి నుంచి ఎక్కడో కొండల అవతలి ఊళ్ళల్లో తిరిగి అప్పుడే వస్తోంది. ఆవిడకి ఏమీ తెలీదు.

ఒడిలోంచి గుడ్డమూట తీసి విప్పింది. లోపల పగిలిన బుర్ర పెంకులు.

"వాగు దాటతంటే కాలు జారిందే. నాకేటీ అవలేదు, దీని ప్రాణమే పోనాది. తీగ పక్కన లేకపోతే నా గొంతు నాకే పరాయిదిలాగ ఉంటన్నాది. నిన్న మూడు గుమ్మాల ముందు పాట ఎత్తుకున్నాను. మూడు చోట్లా నడిమధ్యలో ఆపేశాను. మీ మావ ఏడే?"

అసిరి నోరు తెరిచింది. మావ పోయాడు అని చెప్పాలి. రెండే రెండు మాటలు. 

"సంతకెళ్ళాడు" అంది.

ఎందుకలా అందో దానికే తెలీదు. కాని అన్నాక ఒక్క క్షణం, నిజంగానే మావ సంతకి వెళ్ళినట్టే అనిపించింది. సాయంత్రానికి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేస్తాడు అనిపించింది. ఎంత హాయిగా ఉందో! నెలరోజుల్లో మొదటిసారి అసిరి కాళ్ళు కదలకుండా నిలబడ్డాయి.

తవిటమ్మ పందిరి వైపు చూసింది. "మూడు కాశాయే! ఒకటి నాకుంచమని చెప్పు. కార్తీక పున్నానికి వస్తాను."

"తంబుర చేసి ఉంచుతాడు మామ్మా" అంది అసిరి.

తవిటమ్మ దాని బుగ్గ పుణికి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆవిడ అలా మలుపు తిరిగిందో లేదో, హాయి కాస్తా ఎగిరిపోయింది. 

ఇంక చూడు, ఒక అశాంతికి రెండు అశాంతులయ్యాయి. మావ లేడన్నది ఒకటి. మావ ఉన్నాడని చెప్పడం ఇంకొకటి. ఆ సంగతి అమ్మతో చెప్పలేదు, నాన్నతో చెప్పలేదు. పున్నం లోపల తంబుర చేసేస్తే అబద్ధం అబద్ధం కాకుండా పోతుందేమో అనుకుంది. అప్పుడు కొడవలి తీసుకుని, మంచం నిలబెట్టి ఎక్కి, పెద్ద కాయని కోసేసింది.

కాయ ఇంకా పచ్చిది. దాని మీద నూగు కూడా పోలేదు. ఎండాలని పొయ్యి పైన దూలానికి కట్టింది.

"ఏటే అది?" అంది అమ్మ.

"ఎండబెడతన్నాను."

అమ్మ ఆ కాయ వైపు చూసింది.  ఆ తర్వాత మొహం తిప్పుకుని బియ్యం ఏరుకుంది.

అసిరి గంటకోసారి వచ్చి కాయని వేలితో తట్టి చూసేది. ఐదు రోజులకి దాని మీద సొట్ట పడింది. పది రోజులకి నల్లబడింది. పన్నెండో రోజు అన్నం వండుతుంటే టప్పున ఒక చుక్క కింద పడింది. ఇల్లంతా కంపు. అసిరి ముక్కు మూసుకుని దాన్ని పట్టుకెళ్ళి పెంటకుప్ప మీద పారేసింది. మొదటి కాయ పోయింది.

ఆ తర్వాత కార్తీకం వచ్చింది. కార్తీకంతో పాటు సముద్రం వైపు నుంచి వాయుగుండం వచ్చింది. పొద్దుటి నుంచీ ఆకాశం బూడిదరంగు. మధ్యాహ్నానికి కొబ్బరిచెట్లు వంగి నేల చూస్తున్నాయి. అసిరి ఒక గోనెసంచీ నెత్తిన వేసుకుని పెరట్లోకి దూకింది. రెండు కాయల్నీ గోనెతో చుట్టాలని దాని ఆరాటం. ఒకదాన్ని చుట్టింది. రెండోదాని దగ్గరకి వెళ్ళేలోపు ఈడ్చి ఒక గాలి కొట్టింది. పందిరి ఒక పక్క రాట విరిగింది. నడిమి కాయ ఊగి ఊగి, బట్టలుతికే బండ మీద పడి రెండు చెక్కలైంది.

సూరమ్మ పరిగెత్తుకొచ్చి కూతుర్ని రెక్క పట్టుకుని లోపలికి లాగింది. "కాయ కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావటే?" అని రెండు తగిలించింది. తగిలించిన చేత్తోనే తల తుడిచింది. అసిరి ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. కిటికీ ఊచలు పట్టుకుని పందిరి వైపే చూస్తూ నిలబడింది.

రెండో కాయ పోయింది. ఇంక మూలనున్న గుండ్రటి కాయ ఒక్కటే మిగిలింది.

కార్తీక పున్నం నాడు పొద్దు పొడవకముందే అసిరి ఏటి రేవుకి వెళ్ళి కూర్చుంది. తవిటమ్మని ఊళ్ళోకి రానివ్వకూడదు. వస్తే ఎవరో ఒకరు చెప్పేస్తారు. కూర్చోలేక లేచింది. లేచి గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగింది. మొదటి పడవ వచ్చింది, అందులో లేదు. రెండో పడవ వచ్చింది, అందులో లేదు. మూడో పడవలోంచి తవిటమ్మ దిగింది.

"ఏటే, ఎదురొచ్చావు?"

"మామ్మా, గాలివానకి కాయలు పోయాయి. ఒక్కటే ఉంది. అది ఎండాలన్నాడు మావ."

"పోనీలే. ఇంతదూరం వచ్చాను, ఒకసారి పలకరించి పోతాను పద."

"లేడు! పై ఊరు భజనకెళ్ళాడు. రేపు గాని రాడు."

తవిటమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "ఊరూరా తిరిగేంత ఓపికొచ్చిందన్నమాట ఆడికి. మంచిదే, మంచిదే. రథసప్తమికి వస్తానని చెప్పు. ఈసారి ఒట్టి చేతులతో రాను. ఒక కొత్త పాట కట్టుకొస్తాను. ఆడికే మొదట పాడతాను. ఆడు తల ఊపితేనే ఊళ్ళో పాడతాను."

అని అదే పడవలో తిరిగి వెళ్ళిపోయింది. పడవ మధ్యకి వెళ్ళాక కూడా నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆ నవ్వు చూస్తే అసిరికి అరికాళ్ళలో ముళ్ళు దిగినట్టుంది.

మర్నాడు నాన్న కత్తి పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. దాలిమావ పోయాక అదే మొదటిసారి రావడం. ఒరిగిపోయిన పందిరి కట్లు తెగ్గొయ్యడం మొదలుపెట్టాడు.

"నాన్నా, వద్దు!" అని అసిరి రాటని కౌగిలించుకుంది.

"ఎలాగూ ఒరిగిపోనాది కదే. పీకేస్తాను. లేగదూడకి నీడ లేదు, ఇక్కడ పాక వేద్దాం."

"కాయుంది నాన్నా. ఒక్కటుంది. ఎండాలి."

"చేదుకాయ! ఏటి చేసుకుంటావే దాన్ని?"

అసిరి రాట వదల్లేదు. గురువులు కత్తి ఎత్తాడు, దించాడు. ఆ తర్వాత అక్కడే నేల మీద చతికిలపడిపోయాడు.

"నాను దీన్ని చూళ్ళేకపోతన్నానే తల్లీ. ఇటు వస్తే చాలు, మా బావమరిది దీని కింద వంగుని ఉన్నట్టే ఉంటాది. 'బావా, ఈ పింద చూశావా' అన్నట్టే ఉంటాది. పందిరి లేకపోతే కొంచెం తెరిపిన పడతానేమో అనుకున్నాను."

అసిరి నాన్నని అలా ఎప్పుడూ చూడలేదు. పక్కన వచ్చి కూర్చుంది.  ఆ తర్వాత గురువులు లేచి, కత్తి చూరులో దోపి, వెదురుపొదల వైపు వెళ్ళాడు. మధ్యాహ్నానికి కొత్త రాట తెచ్చి పాతాడు. పందిరి లేచి నిలబడింది.

ఇంక ఎదురుచూడ్డమే. పరిగెత్తడం కన్నా ఎదురుచూడ్డమే కష్టం అసిరికి. కోసేద్దామని రోజుకి పదిసార్లు చెయ్యి లేచేది. పెద్ద కాయ కంపు గుర్తొచ్చి చెయ్యి దింపేది. మార్గశిరంలో ఆకులు పసుపుపచ్చగా మారాయి. పుష్యంలో మంచు పడి, ఆకులు రాలి, తీగ తాడులా మిగిలింది. ఆ తాడుకి కాయ ఒక్కటే వేలాడుతూ ఉండేది. ఆకుపచ్చ పోయింది, తెలుపొచ్చింది. తెలుపు పోయి మట్టిరంగొచ్చింది. ఒకరోజు అసిరి బడి నుంచి వచ్చేసరికి నాన్న పందిరి కింద నిలబడి, చెవి ఆనించి, కాయని వేలితో తడుతున్నాడు. కూతుర్ని చూసి, దూడని వెతుకుతున్నట్టు అటువైపు వెళ్ళిపోయాడు.

మాఘం వచ్చింది. రథసప్తమి ముందురోజు అసిరి కాయని పట్టుకుని మెల్లిగా ఊపింది. గలగల, గలగల. లోపల గింజలు మోగాయి.

అది విని సంతోషించాలి కదా? అసిరి కాయ వదిలేసి వెనక్కి జరిగింది. రేపు తవిటమ్మ వస్తుంది. కాయ ఉంది, తంబుర లేదు. తంబుర చేసే మనిషి లేడు. ఇంక ఏ సంతకని పంపుతుంది? ఏ భజనకని పంపుతుంది?

రథసప్తమి నాడు వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి, సూర్యుడికి పరమాన్నం పెట్టి, అమ్మ పనిలో ఉంది. అసిరి రేవుకి బయల్దేరబోయింది. గుమ్మం దాటకముందే పెరటి తడిక కిర్రుమంది.

"దాలీ! పాట తెచ్చానురా!"

తవిటమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుంది. జుట్టుకి నూనె రాసుకుంది. చేతిలో నువ్వుండల పొట్లం. "ఆడికి నువ్వుండలంటే ఇష్టం కదే. పిలు మీ మావని. మూడు నెలల బట్టి నోట్లో పెట్టుకుని తిరుగుతన్నాను ఈ పాట. ఆగలేకపోతన్నాను. పిలవే!"

అసిరి ఆ పొట్లం వైపు చూసింది. ఆ నూనె రాసుకున్న జుట్టు వైపు చూసింది. ఇంక దానివల్ల కాలేదు.

"మావ పోయాడు మామ్మా" అంది. "చవితెళ్ళాక జ్వరమొచ్చింది. పోయాడు. నువ్వు మొదటిసారి వచ్చినప్పటికే లేడు. నాను అబద్ధమాడాను."

తవిటమ్మకి ఆ మాటలు చెవిదాకా వెళ్ళాయి గాని లోపలికి వెళ్ళడానికి కొంతసేపు పట్టింది. పొట్లం బండ మీద పెట్టింది. పందిరి రాట పట్టుకుంది. ఆ తర్వాత ఆవిడకి కోపమొచ్చింది. మామూలు కోపం కాదు.

"ఎంత పని చేశావే! ఆడు పోయి ఐదు నెలలైతే, నాను నవ్వుకుంటా తిరిగానే! ఏ ఊరెళ్ళినా మా దాలి బాగున్నాడు, భజనలకి తిరుగుతన్నాడు అని చెప్పుకున్నానే! చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని తాళం వేసిన పిల్లడే ఆడు. ఆడి కోసం నన్ను ఏడవనివ్వలేదు నువ్వు. ఆ ఏడుపు నాది. దాన్ని నాలుగు నెలలు దాచెయ్యడానికి నువ్వెవరివే?"

ఆ కేకలకి సూరమ్మ పరిగెత్తుకొచ్చింది. వెనకాలే గురువులు వచ్చాడు. అసిరి తల వంచుకుని నిలబడింది. పారిపోవాలనిపించింది. కాని ఆ ఒక్కసారీ అది పారిపోలేదు.

"సంతకెళ్ళాడని నీతో అంటే, నిజంగానే వెళ్ళాడనిపించింది మామ్మా" అంది చిన్నగా. "ఇంట్లో ఎవరూ మావ పేరెత్తరు. నువ్వొక్కదానివే 'మీ మావ ఏడే' అని అడిగావు."

ఆ మాట విని సూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గురువులు గోడ వైపు తిరిగిపోయాడు.

తవిటమ్మ ముగ్గురి మొహాలూ చూసింది.  పందిరి కింద మట్టిలో కూర్చుంది. కళ్ళు మూసుకుంది. తంబుర లేదు, తాళం లేదు. ఒట్టి గొంతుతో పాట ఎత్తుకుంది.

"పాదు చేసిన చెయ్యి ఏదిరా, పాట మరిగిన పెరడు ఏదిరా, నీళ్ళు తాగిన తీగ అడిగెరా, నిన్ను అడిగితె నేనేమందురా..."

నిజానికి ఆవిడ కట్టుకొచ్చిన పాట అది కాదు. దాలిమావ నవ్వాలని సరదా పాట కట్టుకొచ్చింది. కాని నోరు తెరిస్తే ఈ పాట వచ్చింది. రెండు చోట్ల గొంతు తెగింది. తెగిన చోట ఆగి, మళ్ళీ పట్టుకుంది. మధ్యలో ఆపలేదు.

అప్పుడు సూరమ్మ "ఒరే తమ్ముడా!" అని ఒక్క అరుపు అరిచి ఏడ్చింది. గురువులు గోడకి నుదురానించి భుజాలు కదిలేలా ఏడ్చాడు. అసిరి గొంతులో ఐదు నెలల బట్టి అడ్డంగా నిలబడ్డది ఊడింది. అది వెళ్ళి తవిటమ్మ ఒళ్ళో పడి, వెక్కి వెక్కి, ఊపిరాడనంత ఏడ్చింది. తవిటమ్మ దాని వీపు నిమిరింది.

"నీ మీద కోపం పోనేదే నాకు" అంది. "రెండు రోజులుంటాది అది. ఉండనీ. ముందు ఆ కాయ కొయ్యి."

తవిటమ్మ మూడు రోజులు ఆ ఇంట్లోనే ఉంది. దాలి చేస్తుంటే ఎన్నోసార్లు చూసింది కదా, ఆవిడకి పని తెలుసు. మొదటి రోజు బుర్రకి మూతి కోసి, గింజలు తీసి, లోపల బూజంతా గీకారు. రెండో రోజు గురువులు సన్నటి వెదురు కర్ర చెక్కిపెట్టాడు, నానబెట్టిన మేకతోలు బిగించాడు. మూడో రోజు ఎండలో పెట్టి, తోలు బిగుసుకున్నాక తీగ కట్టారు. ఆ మూడు రోజులూ తవిటమ్మ అసిరితో ముక్తసరిగానే మాట్లాడింది. కర్ర అందుకో, గుడ్డ తే, అంతే. మూడో రోజు సాయంత్రం తీగ కట్టాక, తంబుర దాని చేతికిచ్చి, "మీటు" అంది.

అసిరి మీటింది. కొంచెం బొంగురుగా, కొంచెం గట్టిగా మోగింది.

"కొత్తది కదా, ఇంకా బిడియం" అంది తవిటమ్మ. "నాలుగూళ్ళు తిప్పితే సర్దుకుంటాది." అప్పుడు మొదటిసారి అసిరి నెత్తి మీద చెయ్యి వేసింది.

మర్నాడు పొద్దున్న గుప్పెడు గింజలు చీరచెంగున ముడేసుకుని, తంబుర భుజాన వేసుకుని ఆవిడ పడవెక్కింది. ఏరు దాటుతుండగానే పాట ఎత్తుకుంది. పడవ అవతలి గట్టు చేరేదాకా అసిరికి వినపడుతూనే ఉంది. ఆ తర్వాత ఇంటికి వచ్చింది.

అమ్మ పెరట్లో, పందిరి కింద చాప పరుచుకుని బట్టలు మడతపెడుతోంది. పెట్టె అడుగున దాచేసిన పంచెలు ఎండలో ఆరేసి తెచ్చింది. నాన్న పక్కనే తాడు పేనుతున్నాడు. అసిరి వెళ్ళి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది.

"మావ చిన్నప్పుడు ఎలా ఉండేవాడమ్మా?" అని అడిగింది.

ఈసారి అమ్మ లేచి వెళ్ళలేదు. చేతిలో పంచె అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత నవ్వొచ్చింది ఆవిడకి.

"ఆడికి ఆరేళ్ళప్పుడు ఏటి చేశాడో తెలుసా? మా నాన్న భజనకెళ్దామని చూస్తే కంచుతాళాలు లేవు. ఇల్లంతా వెతికాం. దొంగలెత్తుకుపోయారు అనుకున్నాం. చూస్తే మీ మావ రోజూ పెరటి మూల ఒక చోట చెంబుతో నీళ్ళు పోస్తన్నాడు. అక్కడ ఏ విత్తనమూ లేదు. 'ఏట్రా అది?' అంటే, 'తాళాలు పాతానక్కా, మొలకొస్తాది' అన్నాడు. 'చెట్టు నిండా కాస్తాయి, ఊళ్ళో అందరికీ తలో జత ఇవ్వొచ్చు' అన్నాడు..."

గురువులు తాడు పక్కన పడేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే! తవ్వి తీశారా మరి?"

"ఎక్కడ తవ్వనిచ్చాడు! దాని మీద బోర్లా పడుకుని ఒకటే ఏడుపు. ఇంకో నాలుగు రోజులు చూద్దాం అన్నాడు. మా నాన్న సరే అన్నాడు. ఆ వారం ఊళ్ళో భజన తాళాలు లేకుండానే జరిగింది..."

ఆపై ఏమైందో అసిరి వినలేదు. అమ్మ ఒళ్ళో, పట్టపగలు, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది. దాని కాళ్ళు రెండూ చాప మీద బారుగా చాపుకుని, కదలకుండా ఉన్నాయి. సూరమ్మ చేతిలో పంచె దాని మీద కప్పి, మిగతా కథ గురువులుకి చెప్పింది.

నువ్వూ ఊఁ కొట్టడం మానేశావు. పోనీలే.

పాదు పాకి పందిరెక్కింది,
పాట పడవెక్కి ఏరు దాటింది,
కథ కంచికి కాలినడక పట్టింది,
కునుకు మనింటికి దారి కనిపెట్టింది.